సగం నొక్కే అధికారం

మా ఆఫీసు పని చెయ్యదని అనేవాళ్లందరూ మా ఆఫీసుకి ఎప్పుడూ రానివాళ్లే. వచ్చినవాళ్లు ఆ మాట అనరు. వాళ్లకి మళ్లీ రావలసిన అవసరం ఉంటుంది. నా పేరు లింగమూర్తి, ఇక్కడ జూనియర్ అసిస్టెంటుని. సర్కారు కట్టిన బళ్లూ హాళ్లూ పదిలంగా ఉన్నాయో లేదో చూసి సర్టిఫికెట్ ఇవ్వడం మా ఉపవిభాగం బాధ్యత. కెమెరా రాకముందు ఈ పనిని మేము ఉత్త కళ్లతో చూసి కానిచ్చేవాళ్లం. ఎంత అనాగరికంగా బతికామో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఫోటో లేని తనిఖీ తనిఖీ కాదనీ, ఫోటో లేని పగులు పగులు కాదనీ అందులో ఉంది. దాని వెనకే అరచేతిలో ఇమిడిపోయే వెండిరంగు కెమెరా ఒకటి అట్టపెట్టెలో వచ్చింది. మా ఉపవిభాగానికి పెద్ద డి.ఇ., అంటే డిప్యూటీ ఇంజనీరు, చక్రధరరావు గారు దానికి కొబ్బరికాయ కొట్టించి, బొట్టు పెట్టించారు. బొట్టు సరిగ్గా అద్దం మీద పడింది. దాన్ని తుడవడానికి ఎవరికీ ధైర్యం చాలక రెండు రోజులు అలాగే ఉంచాం.

సూపరింటెండెంటు సన్యాసిరావు గారు కెమెరాని ఇనప్పెట్టెలో పెట్టించారు. బ్యాటరీలు మాత్రం వేరే బీరువాలో, వేరే తాళం కింద ఉంచారు. తుపాకీ ఒకచోట, తూటాలు ఒకచోట ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన సర్వీసులో ఒక్క వస్తువు కూడా పాడవలేదు. ఏ వస్తువునీ ఆయన వాడనివ్వలేదు.

శిక్షణ ఇవ్వడానికి జిల్లా కేంద్రం నుంచి నిరంజన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. వస్తూనే, "ఇది చాలా తేలిక సార్" అన్నాడు.

డి.ఇ. గారి ముఖం ముడుచుకుంది. "తేలికైతే శిక్షణ ఎందుకయ్యా? మూడు రోజుల భత్యం ఎలా క్లెయిమ్ చేస్తాం?"

"కొంచెం కష్టమే సార్" అని సర్దుకున్నాడు నిరంజన్. అందరం కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం.

అతను కెమెరా వెలిగించాడు. ముందున్న గొట్టం బయటికొచ్చింది. వెనక తెరమీద మా గోడ గడియారం కనిపించింది. "ఇప్పుడు ఈ బొత్తాం చూడండి. ఇది రెండు దశల్లో పనిచేస్తుంది. ముందు సగం నొక్కి ఆగాలి. తెరమీద పచ్చ గడి వస్తుంది. అంటే బొమ్మ కుదిరిందని. అప్పుడు వేలు తియ్యకుండా మిగతా సగం నొక్కాలి. అంతే, ఫోటో పడిపోతుంది."

"రెండు దశలా?" అన్నారు సన్యాసిరావు గారు. జీవితమంతా ఆయన ఎదురుచూసిన యంత్రం అదే అని ఆ కళ్లలో తెలిసింది. "అయితే సగం నొక్కడమంటే సూత్రప్రాయ ఆమోదం. పూర్తిగా నొక్కడమంటే తుది మంజూరు. రెండూ ఒకే వ్యక్తి చేస్తే ఆడిట్ వాళ్లు మనల్ని బతకనిస్తారా?"

"ఒక్క వేలితో అయిపోయే పని సార్" అన్నాడు నిరంజన్.

"నాయనా, ఒక్క వేలితో అయిపోయే పని ఈ ఆఫీసులో ఇంతవరకూ జరగలేదు" అన్నారు డి.ఇ. గారు, కొంచెం గర్వంగానే.

మధ్యాహ్నానికి అధికారాల పంపకం పూర్తయింది. మొదటి సగం నొక్కే అధికారం నాకు వచ్చింది. పచ్చ గడి సక్రమంగా వచ్చిందా లేదా అని పరిశీలించి సిఫార్సు చెయ్యడం సన్యాసిరావు గారి వంతు. మిగతా సగం నొక్కేది డి.ఇ. గారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకి విషయం చెప్పాను. "మరి మిగతా సగం ఎవరికిచ్చారు?" అంది. ఆవిడకి మొదటినుంచీ తృప్తి తక్కువ.

మర్నాటినుంచి నేను సాధన మొదలుపెట్టాను. కెమెరా ముట్టుకోవడానికి అనుమతి రాలేదు కాబట్టి డి.ఇ. గారి కాలింగ్ బెల్లు మీద నేర్చుకోమన్నారు. బెల్లు మోగకుండా సగం నొక్కాలి. మొదటి వారమంతా అటెండరు పరిగెత్తుకొస్తూనే ఉన్నాడు. రెండో వారానికి నా వేలు కుదిరింది. అటెండరు మాత్రం నిజంగా బెల్లు మోగినా రావడం మానేశాడు.

ఆ రోజుల్లోనే గెడ్డవలస నుంచి గేదెల కన్నమ్మ వచ్చింది. ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ బడికి ఒక్కడే మాస్టారు. ఆయన కదిలితే బడి మూతపడుతుంది గనక అర్జీ ఆమె చేతికిచ్చి పంపాడు. తరగతి గది గోడ ఒరిగింది, పైన దూలం చీలింది. అదే ఊళ్లో మేము కట్టిన కమ్యూనిటీ హాలు ఉంది. కొత్తది, గట్టిది, తాళం వేసి ఉంది, తాళంచెవి మా దగ్గర ఉంది. బడి ప్రమాదకరమని మేము సర్టిఫికెట్ ఇస్తే తాళంచెవి ఇవ్వచ్చు, పిల్లలు హాల్లోకి మారచ్చు. సర్టిఫికెట్ కి ఫోటో కావాలి. ఫోటోకి కావలసిన కెమెరా మా దగ్గరే ఉంది. అంతా సిద్ధంగా ఉన్నట్టే కాబట్టి ఆమెని నిశ్చింతగా ఇంటికెళ్లమన్నాను.

"ఎప్పుడొస్తారు బాబూ?" అంది కన్నమ్మ.

"శిక్షణ పూర్తవగానే."

"దేనికి సిచ్చన?"

"బొత్తాం నొక్కడానికి."

ఆమె నా చేతుల వైపు చూసింది. "సేతులు బాగానే ఉన్నాయి కదా బాబూ" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మొయిలు పట్టీసింది. వొర్సమొస్తే పిల్లలందరూ ఆ దూలం కిందకే దూరతారు, ఇంకెక్కడికెల్తారు? నా మనవరాలు ఆ గోడకే జేరబడి కూకుంటాది. సల్లగుంటాదంట" అంది.

నిజం చెప్పాలంటే ఆ మాట నన్ను కాసేపు కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒరిగిన గోడకి జేరబడి పలక మీద రాసుకునే పిల్ల కళ్లముందు కదిలింది. సన్యాసిరావు గారి దగ్గరికెళ్లి విషయం తొందరగా తేల్చమన్నాను. "తొందరపడితే బొమ్మ చెదురుతుంది" అన్నారాయన. శిక్షణలో ఆయన బాగా వంటబట్టించుకున్న పాఠం అది.

మొత్తానికి గెడ్డవలస పనికి ఉత్తర్వు వచ్చింది. నేను నా అధికారం ఆఫీసులోనే వినియోగించాను. కెమెరాని గోడ గడియారం వైపు తిప్పి సగం నొక్కాను. పచ్చ గడి వచ్చింది. వేలు తీసి, 'పచ్చ గడి వచ్చినది, తదుపరి ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది' అని రాసి కెమెరాతో సహా సన్యాసిరావు గారి బల్లమీద పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకునేలోపు కెమెరా తెర ఆరిపోయింది, గొట్టం లోపలికి వెళ్లిపోయింది.

"ఇదేమిటయ్యా?"

"కాసేపు ఎవరూ పని చెప్పకపోతే దానంతట అదే నిద్రపోతుందట సార్."

సన్యాసిరావు గారు కెమెరాని మొదటిసారి ప్రేమగా చూశారు. "మన శాఖలో ఇమిడిపోతుంది" అన్నారు.

మర్నాడు తుది మంజూరు కోసం డి.ఇ. గారు జీపులో గెడ్డవలస వెళ్లారు. నా సగం, సిఫార్సు, రెండూ అయిపోయినవే కాబట్టి ఆయన బడి ఎదురుగా దిగి, ఆగకుండా ఒక్క పోటు నొక్కారు. నేనూ పక్కనే ఉన్నాను. తెరమీద తెల్లటి గంజి ఒలికినట్టు ఏదో కనిపించింది. ఆయన దాన్ని తలకిందులుగా కూడా చూశారు. "గోడకి పగులు ఉన్నట్టు ఆధారం లేదు" అన్నారు.

"పగులిదిగో సార్, నా సెయ్యి దూరతాది సూడండి" అంది కన్నమ్మ. నిజంగానే మోచేతిదాకా పెట్టి చూపించింది.

"చెయ్యి దూరితే సరిపోదమ్మా. ఫోటోలో కనిపించాలి."

"తాళమియ్యండి సార్, ఫొటో తరవాత తీసుకుందురు. గోడెక్కడికెల్తాది?"

"తర్వాత తీస్తే ముందు ఇచ్చిన తాళానికి ఆధారం ఏది?" అన్నారు డి.ఇ. గారు. ఆయన మాటలకి జవాబు దొరకడం కష్టమే, నేను చాలా ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను.

నిరంజన్ కి ఫోను చేస్తే అతను నెత్తి కొట్టుకున్న చప్పుడు మాకు వినిపించింది. సగం నొక్కిన వేలే, తియ్యకుండా, అక్కడికక్కడే మిగతా సగం నొక్కాలన్నాడు. ఇది అధికారాల పంపకానికే గొడ్డలిపెట్టు. సన్యాసిరావు గారు రెండు రోజులు అన్నం సయించక తిరిగారు. మూడో రోజు వెలుగుతున్న ముఖంతో వచ్చి 'వేలిపై వేలు' విధానం ప్రకటించారు. బొత్తాం మీద నా వేలు ఉంటుంది. నా వేలి మీద ఆయన వేలు. ఆయన వేలి మీద డి.ఇ. గారి వేలు. ఎవరి అధికారం వారిదే, బొత్తాం ఒక్కటే. డి.ఇ. గారు లేచి ఆయనకి షేక్ హ్యాండ్ ఇచ్చారు.

ఈసారి ముగ్గురం గెడ్డవలస వెళ్లాం. సన్నగా తుంపర పడుతోంది. ఒకే గొడుగు కింద మూడు తలలు చేర్చి, మూడు వేళ్లు పేర్చి బడికి ఎదురుగా నిలబడ్డాం. వాకిట్లో పిల్లలు చదువు ఆపి చూస్తున్నారు.

"నొక్కానండీ" అన్నాను.

"గడి?" అన్నారు సన్యాసిరావు గారు.

"వచ్చిందండీ."

"సిఫార్సు చేస్తున్నాను" అని ఆయన తన వేలి బరువు దించారు.

"మంజూరు" అంటూ డి.ఇ. గారు తన బరువంతా దించారు. కెమెరా మూతి నేలకి వంగింది. ఫోటో అద్భుతంగా వచ్చింది. డి.ఇ. గారి బూట్లు, వాటి లేసులు, లేసు మీద పాకుతున్న చీమ, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారు వాళ్లని అదిలించాడు. ఇంతలో వాన పెరిగింది, పిల్లలంతా పలకలు నెత్తిన పెట్టుకుని దూలం కిందికి పరిగెత్తారు. కన్నమ్మ ఒక్కతే నవ్వలేదు, పరిగెత్తలేదు. వానలో నిలబడి దూలం వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంత స్పష్టమైన ఫోటో వృథా చెయ్యడం ఇష్టం లేక దాన్నే పైకి పంపాం. 'సదరు ఫోటోలోని బూట్లు ప్రమాదకర స్థితిలో లేవని గమనించడమైనది. భవనము యొక్క ఫోటో పంపవలెను' అని జవాబు వచ్చింది. మళ్లీ సాధన మొదలుపెట్టాం. మూడు వేళ్లూ కాలింగ్ బెల్లు మీద పెట్టి రోజూ పొద్దున్నా సాయంత్రం నేర్చుకున్నాం.

మేము ఇంకా నేర్చుకుంటూ ఉండగానే ముసురు పట్టింది. ఒక ఆదివారం గెడ్డవలస బడి కప్పు కూలింది. ఆదివారం కాబట్టి లోపల ఎవరూ లేరు.

సోమవారం పొద్దున్నే జిల్లా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కూలిన భవనాన్ని కూలకముందు తనిఖీ చేశారా, చేస్తే పగులు కనిపించే ఫోటో ఏది, సాయంత్రంలోగా పంపండి, లేకపోతే మీ మీద చర్య ఉంటుంది అన్నారు. డి.ఇ. గారు ఫోను పెట్టేసి మంచినీళ్లు అడిగారు. బెల్లు కొట్టారు గానీ అటెండరు రాలేదు.

"మన దగ్గర గంజి ఉంది, బూట్లు ఉన్నాయి" అన్నారు నీరసంగా.

సన్యాసిరావు గారు దగ్గరికి జరిగారు. "సార్, కెమెరాలో తేదీ ఎవరు పెట్టాలో మనకి ఉత్తర్వులు రాలేదు. అందుకని నేను పెట్టనివ్వలేదు. ఈ రోజుకీ దాని లెక్కలో జనవరి ఒకటో తారీఖే."

"అంటే ఇవాళ తీసినా..."

"కూలకముందు తీసినట్టే సార్. కప్పు పోయింది గానీ ఆ ఒరిగిన గోడ ఇంకా ఉందట. దగ్గర్నుంచి తీద్దాం. దాని ముందు నలుగురు పిల్లల్ని కూర్చోబెడితే తరగతి జరుగుతున్నట్టే ఉంటుంది."

జీపు తియ్యమన్నారు డి.ఇ. గారు. నేను ఇనప్పెట్టెలోంచి కెమెరా తీస్తుంటే పక్కనే గెడ్డవలస హాలు తాళంచెవి కనిపించింది. అడగకుండానే దాన్ని జేబులో వేసుకున్నాను.

పిల్లలు కన్నమ్మ ఇంటి పంచలో ఒకళ్లమీద ఒకళ్లు పడేలా ఇరుక్కుని కూర్చున్నారు. చూరు నీళ్లు వాళ్ల పుస్తకాల మీద కారుతున్నాయి. ఆ మూలనే పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. డి.ఇ. గారు మాస్టారితో నలుగురు పిల్లల్ని గోడ దగ్గరికి పంపమన్నారు. మాస్టారు నేల చూపులు చూశాడు. కొత్తగా పర్మనెంట్ అయినవాడు పాపం. కన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఏటి సార్, ఆ గోడ కింద పిల్లల్ని కూకోబెడతారేటి?"

"ఒక్క నిమిషమేనమ్మా."

"ఒక్క నిమిసమే కదా. అయితే మీరు కూకోండి."

"ఏమిటి?"

"గోడ ముందు మనుసులుండాలంతే కదా. మీరు ముగ్గురూ కూకోండి. నాను నొక్కుతాను."

డి.ఇ. గారు కోపం తెచ్చుకోబోయారు. సన్యాసిరావు గారు ఆయన చెవిలో, "అధికారులు స్వయంగా తనిఖీ చేస్తున్నట్టు ఉంటుంది సార్, ఇంకా బలమైన ఆధారం" అన్నారు. నొక్కే అధికారం బయటివాళ్లకి ఇవ్వచ్చా అన్న సందేహం ఆయనకే మళ్లీ వచ్చింది. డి.ఇ. గారు వాచీ చూసుకుని, "ఇచ్చెయ్యండి" అన్నారు.

నేను కన్నమ్మకి కెమెరా ఇచ్చి, సగం ఎక్కడో, మిగతా సగం ఎక్కడో చూపించాను. శిక్షణ అంతటితో పూర్తయింది. ముగ్గురం మట్టిపెళ్లలు తోసుకుని గోడకి వీపులు ఆనించి కూర్చున్నాం, డి.ఇ. గారు మధ్యలో.

ఆ గోడని నేను అంతకుముందు రెండుసార్లు చూశాను. ఎదురుగా నిలబడి చూసే గోడ వేరు, కింద కూర్చుంటే తెలిసే గోడ వేరు. నా భుజం దగ్గర మొదలైన పగులు తలెత్తితే ఎక్కడిదాకా పోయిందో కనిపించలేదు. నానిన మట్టి వాసన ముక్కుకి కొడుతోంది. గోడ చల్లగా ఉంది, కన్నమ్మ మనవరాలు చెప్పినట్టే. డి.ఇ. గారి బట్టతల మీద చిటికెడు సున్నం రాలింది.

"ఊఁ, నొక్కమ్మా" అన్నారాయన.

"నొక్కాను సార్. పచ్చ గడి వొచ్చింది."

"మరి ఫోటో?"

"సగమే నొక్కాను సార్. మిగతా సగానికి నాకు అధికారం నేదు కదా."

"నేనిస్తున్నాను అధికారం, నొక్కు."

"నోటిమాటేటి సార్. మొన్న తాళమడిగితే ఆధారం గావాలన్నారు."

నా పక్కన ఒక పెళ్ల దబ్బున పడింది. సన్యాసిరావు గారు కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నారు. డి.ఇ. గారు లేవబోయారు.

"కదలకండి సార్, గడి పోతాది" అంది కన్నమ్మ ఎంతో మర్యాదగా. "మళ్లీ మొదటికొస్తాది. ఫొటో సాయంత్రానికి ఎల్లాల కదా."

ఆయన కూర్చుండిపోయారు. "నీకేం కావాలి?"

"నాకేటి గావాల సార్? పిల్లలకి హాలు తాళం గావాల."

"దానికో పద్ధతి ఉందమ్మా, ముందు సర్టిఫికెట్..."

గోడ లోపల్నుంచి కర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. చిన్నదే. డి.ఇ. గారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"లింగమూర్తీ, హాలు తాళంచెవి ఎక్కడ?"

"నా జేబులో ఉంది సార్."

"ఇచ్చెయ్."

సూత్రప్రాయ ఆమోదం, సిఫార్సు, తుది మంజూరు, మూడూ ఆ ఒక్క మాటలో జరిగిపోయాయి. విసిరాను. తాళంచెవి కన్నమ్మ కాళ్ల ముందు బురదలో పడింది. ఆమె తెరమీంచి చూపు తిప్పకుండా దాన్ని కాలితో తొక్కిపెట్టి, మిగతా సగం నొక్కింది.

మేము లేచిన వేగం మా ముగ్గురి సర్వీసులోనూ లేదు. జీపు ఎక్కేసరికి మాస్టారు హాలు తలుపులు తెరుస్తున్నాడు, పిల్లలు అన్నం గిన్నె మోసుకుంటూ వెళ్తున్నారు. ఆ రాత్రే ఆ గోడ కూడా పడిపోయిందని తర్వాత తెలిసింది.

ఫోటో సాయంత్రానికి జిల్లా ఆఫీసు చేరింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. 'ఫోటో మిక్కిలి స్పష్టముగా ఉన్నది. భవనము ప్రమాదకరమైనదని అందు కూర్చున్న ముగ్గురు అధికారుల ముఖములను బట్టి నిస్సందేహముగా ధ్రువీకరించడమైనది. ఈ విధానము ఆదర్శప్రాయమైనందున ఇకపై ప్రతి తనిఖీలోనూ సంబంధిత అధికారులు సదరు భవనము లోపల కూర్చుని ఫోటో దిగవలెను.'

ఆ ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచి మా ఉపవిభాగంలో మరమ్మతులన్నీ తనిఖీకి ముందే పూర్తవుతున్నాయి.